పుట్టగొడుగుల పెట్టెకు పెట్టిన కన్ను

మా ఊళ్ళో బుధవారం, శనివారం సంత. అందులో నాది కూరగాయల కొట్టు. నా పేరు వాలెంతీ. నా గురించి ఇంతకన్నా చెప్పుకోవాల్సిందేమీ లేదు. చెప్పదలుచుకున్నది జెనోన్ గురించి.

జెనోన్ ముప్పై ఆరేళ్ళు బస్ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక వంటింటి బల్లంతా అరచేతిలో పట్టే చిన్న చిన్న కంప్యూటర్లతో నింపేశాడు. పెట్టె, మూత ఏమీ లేకుండా బోర్డు అనే ఒట్టి ఆకుపచ్చ పలక, దాని మీద నాలుగు చిప్పులు, అంతే. ఒకటి బాల్కనీలో వాన కొలిచేది. ఒకటి తెల్లారగానే పావురాళ్ళ గూటి తలుపు తెరిచేది. పిల్లి బరువు చూడ్డానికి కూడా ఒకటి చేశాడు గానీ పిల్లి దాని మీదకి ఎక్కనే లేదు. కాగితం మీద లెక్క కుదిరిందంటే లోకంలో కూడా కుదిరి తీరాలనుకునే మనిషి. కుదరకపోతే లోకం మీద కోప్పడతాడు.

అతనికి ఒక అక్క, తెక్లా గారు. ఆరోగ్యశాఖలో పుట్టగొడుగులు పరీక్ష చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అయినా సెప్టెంబర్ వచ్చిందంటే సంత చివర చిన్న గదిలో కూర్చునేవారు. అడవికి వెళ్ళొచ్చిన వాళ్ళంతా బుట్టలు పట్టుకుని ఆవిడ ముందు వరస కట్టేవాళ్ళు. ఆవిడ ఒక్కొక్కటీ తిప్పి చూసి, వాసన చూసి, మంచివి ఇటు, చెడ్డవి బక్కెట్లోకి వేసేవారు. పైసా తీసుకునేవారు కాదు. ఆవిడ "వద్దు" అంటే మా ఊళ్ళో ఫాదర్ గారు కూడా ఎదురు చెప్పేవారు కాదు.

ఆ ఏడాది ఆగస్టు చివర్లో ఆవిడ నేలమాళిగలోంచి పచ్చడి సీసాలు తెస్తూ మెట్ల మీద జారిపడ్డారు. తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి, ఎనభై కిలోమీటర్ల అవతల వ్యాయామాలు చేయించే ఆస్పత్రిలో రెండు నెలలు ఉంచాలన్నారు. అవతల వానలు పడి ఎండ కాసింది. అడవి నిండా పుట్టగొడుగులే. ఊరంతా బుట్టలు పట్టుకుని బయల్దేరింది.

జనం ఊరుకుంటారా? ఆస్పత్రిలో ఉన్న ఆవిడకి ఫోన్లలో ఫోటోలు పంపడం మొదలుపెట్టారు. జెనోన్ చూడ్డానికి వెళ్తే ఆవిడ మంచం మీద నుంచే విరుచుకుపడ్డారట.

"ఒరేయ్, ఇవి చూడు! ఒకడు గొడుగు పైన మాత్రమే తీస్తాడు. ఒకామె దీపం వెలుగులో తీస్తుంది, అన్నీ పసుప్పచ్చగానే ఉంటాయి. ఒక్కో ఫోన్‌లో ఒక్కో రంగు. ఇంకొకాయన ఏకంగా వేయించాక తీశాడు! నేను చెప్పేదేంటి, ఉప్పు సరిపోయిందనా?"

"అందరికీ ఒకే వెలుతురు, ఒకే కెమెరా ఉంటే చెప్పగలవా అక్కా?"

ఆవిడ ఫోన్ పక్కన పెట్టారట. "తినమని మాత్రం చెప్పను. చేత్తో ముట్టుకోకుండా ఆ మాట నా నోట రాదు. తినొద్దని చెప్పగలను."

అది చాలన్నాడు జెనోన్. వారం తిరక్కుండా చెక్కపెట్టె తయారుచేసి నా కొట్టు పక్కన పెట్టాడు. లోపల తెల్ల రంగు, నాలుగు మూలలా చిన్న దీపాలు, నేల మీద గళ్ళ కాగితం, పైకప్పుకి చిన్న కంప్యూటర్, దానికో కెమెరా. పుట్టగొడుగు పెట్టి మీట నొక్కితే ఫోటో తెక్లా గారి దగ్గరకి వెళ్తుంది. సంతలో రోజంతా ఉండేది నేనే కాబట్టి మీట నొక్కే ఉద్యోగం నాకిచ్చాడు.

ఆ కెమెరా అతని సొరుగులో ఎప్పట్నుంచో పడున్నది. దూరాన్ని బట్టి తనంతట తాను సర్దుకునే రకం కాదు. లెన్సు ఎక్కడ నిలిపితే అక్కడే. సన్నటి పట్టకారుతో దాన్ని తిప్పి, గళ్ళ కాగితం స్పష్టంగా కనిపించేలా పెట్టాడు.

"ఆటోఫోకస్ది కొనరాదూ? నా ఫోన్లో కూడా ఉంది," అన్నాను.

"నీకు తెలీదు ఊరుకో. పెట్టె కదలదు, నేల కదలదు. దూరం ఎప్పుడూ ముప్పై సెంటీమీటర్లే. కదలని దానికి కదిలే లెన్సు దేనికి? ఒక్కొక్కటే పడుకోబెట్టి తియ్యి. కాడ అడుగుతో సహా పెకిలించిందే పెట్టు. అంతే."

మొదటి పదిరోజులు బాగానే సాగింది. చిన్నవి, బల్లపరుపుగా ఉన్నవి స్పష్టంగా వచ్చేవి. తెక్లా గారు "ఇది వద్దు", "ఇది చేదుది, కూరంతా పాడవుతుంది" అని నా ఫోన్‌కి రాసేవారు. అనుమానం ఉంటే ఎప్పుడూ వద్దనే.

ఆ తర్వాతి శనివారం తప్పు నేను చేశాను. అది ముందే ఒప్పుకుంటున్నాను.

కొట్టు ముందు క్యాబేజీ కోసం జనం తోసుకుంటున్నారు. నలభై ఏళ్ళావిడ బుట్ట నిండా లేత ఆకుపచ్చ పుట్టగొడుగులు తెచ్చింది. పేరు లియోకాదియా అట. ఊరికి కొత్త. వాళ్ళాయన మా చర్చిలో ఆర్గన్ వాయించడానికి ఈమధ్యే చేరాడు. ఆ రోజు ఆయన నామదినం, అంటే ఆయన పేరుగల పునీతుడి పండగ, మధ్యాహ్నం భోజనానికి చుట్టాలొస్తున్నారని చెబుతూనే నా దగ్గర ఉల్లిపాయలు, సోయాకూర కొంది. నేను ఒక్కొక్కటే పెట్టకుండా, బుట్టని బుట్టలాగే పెట్టెలోకి తోసి మీట నొక్కేశాను.

తెక్లా గారు ఆ టైములో కర్రల మధ్య నడక నేర్చుకుంటున్నారు. జవాబు రాలేదు. లియోకాదియా అయిదు నిమిషాలు నిలబడింది. "చెడ్డవైతే ఈపాటికి చెప్పేవారుగా," అంది. నేను చిల్లర లెక్కపెడుతూ "అంతేనండీ, అంతే," అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో మోగుతూనే ఉంటుంది. ఆవిడ బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

గంట తర్వాత తెక్లా గారు ఫోన్ చేశారు.

"వాలెంతీ, ఈ ఆకుపచ్చ మరకేంటయ్యా? గళ్ళ కాగితం గీతలు లెక్కపెట్టేంత బాగున్నాయి. పైనున్నది మాత్రం పొగలా ఉంది. ఒక్కటి తీసి పడుకోబెట్టి మళ్ళీ పంపు."

"ఆవిడ వెళ్ళిపోయిందండీ."

ఆవిడ మెల్లగా అన్నారు: "ఈ రంగులో తినేది ఒకటుంది, చంపేది ఒకటుంది. పట్టుకో ఆవిణ్ణి."

ఆ మాట నేను చెప్పగానే పక్కనే టీ తాగుతున్న జెనోన్ కప్పు వదిలేసి లేచాడు. కొట్టు అలాగే వదిలేసి ఇద్దరం నా వ్యాన్‌లో దూకాం. ఆర్గన్ వాయించే ఆయన ఇల్లు ఎక్కడో చర్చి మెట్లు తుడిచే ఆవిడ చెప్పింది. ఇటుక బట్టీ వెనక కొత్త ఇళ్ళలో మూడోది. దారి పొడుగునా జెనోన్ వేళ్ళతో మోకాలి మీద దూరాలు కొలుస్తున్నట్టు ఏదో కొలుచుకుంటూనే ఉన్నాడు.

బెల్లు కొట్టాం. లియోకాదియా తలుపు తీసింది, చేతిలో చెక్క గరిటె. లోపలి నుంచి వెన్నలో వేగుతున్న ఉల్లిపాయ వాసన గుప్పుమంది. గదిలో బల్ల చుట్టూ ఆరుగురు సూప్ తాగుతున్నారు.

"పుట్టగొడుగులు తిన్నారా?" అన్నాడు జెనోన్. నమస్కారం లేదు, ఏమీ లేదు.

"సూప్ అయ్యాక వడ్డిస్తాను. ఇంతకీ మీరెవరండీ?"

జెనోన్ ఆవిణ్ణి తప్పించుకుని సరాసరి వంటింట్లోకి నడిచాడు. పొయ్యి ఆర్పి, మూకుడు ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టాడు. గుడ్డ కూడా పట్టుకోలేదు. చెయ్యి కాలింది. కాలినట్టు అప్పుడతనికి తెలిసినట్టు లేదు.

"ఏమిటీ దౌర్జన్యం!" ఆవిడ అరిచింది. "మా అమ్మమ్మ కాలం నుంచీ మేం తినేవే ఇవి! ఆకుపచ్చవి, కాడ తెల్లవి, కళ్ళు మూసుకుని ఏరతాను నేను!"

"అలాగే ఏరారేమోనని వచ్చామండీ," అన్నాను నేను, నోరు ఊరుకోక.

"నువ్వు మాట్లాడకు," అన్నాడు జెనోన్. ఆవిడ వైపు తిరిగి, ఈసారి మెత్తగా అడిగాడు. "అమ్మా, నన్ను పిచ్చివాణ్ణనుకోండి, దొంగననుకోండి, పర్వాలేదు. ఒక్కటి చెప్పండి. ఉప్పు చూశారా?"

ఆవిడ గరిటె వంక చూసుకుంది.

"లేదు," అంది. "చూద్దామని గరిటె ఎత్తుతుంటే మీరు బెల్లు కొట్టారు."

జెనోన్ అక్కడున్న ముక్కాలి పీట మీద కూలబడ్డాడు. కాలిన చెయ్యి చల్లనీళ్ళ కుళాయి కింద పెట్టింది ఆ ఇంటాయన.

కాడలు తరిగిన ముక్కలు ఇంకా పాత పేపర్ మీదే ఉన్నాయి. అవి పొట్లం కట్టి తీసుకుని తిన్నగా ఆస్పత్రికి వెళ్ళాం. తెక్లా గారు చక్రాల కుర్చీలో, ఒళ్ళో పేపర్ పరుచుకుని, ఒక్కో ముక్కా వేలితో పక్కకి జరుపుతూ పోయారు. లియోకాదియా అన్నిటినీ కత్తితో నేలకి పైగా కోసింది. విషపుదానికి కాడ అడుగున ఉండే తెల్ల సంచి అడవి మట్టిలోనే ఉండిపోయింది. కానీ కాడ పైభాగాన చిన్న లంగాలాగా వేలాడే పొర ఉంటుంది. తినే రకానికి అది ఉండదు. అలాంటి పొర ఉన్నవి రెండు ముక్కలు విడిగా పెట్టారు ఆవిడ.

"రెండు," అన్నారు. "ఆ బల్ల దగ్గర కూర్చున్న వాళ్ళందరికీ చాలు. సాయంత్రం దాకా ఏమీ తెలిసేది కాదు. రాత్రికి మొదలయ్యేది." వెంటనే లియోకాదియాకి ఫోన్ చేసి, మూకుడుతో సహా అంతా పారెయ్యమని చెప్పారు. అవతల ఆవిడ ఏడుపు మాకు కూడా వినిపించింది.

జెనోన్ కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. "రేపే విప్పేస్తానక్కా ఆ పెట్టెని. లేకపోతే ఆవిడ పెట్టెని నమ్ముకునేదే కాదు."

"పెట్టె లేకపోతే అసలు నాకు తెలిసేదే కాదు. ఆ మరక చూసే కదా ఫోన్ చేశాను."

"తప్పు నాది," అన్నాను. "బుట్ట మొత్తం తోశాను."

"కాదు," అన్నాడు జెనోన్, ఇటు తిరగకుండానే. "నువ్వు తోస్తావని నేను లెక్క వేసుకోవాలి. శనివారం, జనం, తొందర. పెట్టె కదలదనుకున్నాను గానీ, మనుషులు కదులుతారని అనుకోలేదు. బుట్ట పైన ఉన్నదానికీ లెన్సుకీ మధ్య జానెడు దూరం కూడా లేదు. దానికి కనిపించేది నేలొక్కటే."

అతని నోట తప్పు నాదన్న మాట నేను విన్నది అదొక్కసారే. తెక్లా గారు కూడా విన్నట్టు లేరు ఎప్పుడూ. ఆవిడ ఒళ్ళోని పేపర్ మడుస్తూ అన్నారు:

"అయితే బుట్ట పైనున్నదాన్ని కూడా చూసే కన్ను పెట్టు. ఏడుపు తర్వాత."

మర్నాడే బిద్గోష్చ్ నగరంలో ఉన్న, తన లాంటి చిన్న కంప్యూటర్ల పిచ్చివాళ్ళ సంఘానికి వెళ్ళి నాలుగు కెమెరాలు అరువు తెచ్చాడు. పెట్టె మూసేసి, నా కొట్టు వెనకాల బల్ల వేసుకుని కూర్చున్నాడు. పరీక్షకి పుట్టగొడుగులు వాడనన్నాడు. నా దగ్గర ఉల్లికాడలు తీసుకున్నాడు, వేళ్ళతో సహా. బుట్టలో ఒకటి నిలబెట్టి, ఒకటి పడుకోబెట్టి, అంచుకి ఒకటి ఆనించి, ప్రతిదానికీ పేపర్లోంచి కత్తిరించిన చిన్న అక్షరాలు పైనా కిందా అంటించాడు.

"ఇంత పెద్ద కెమెరా ఉంది, ఇది పెట్టెయ్," అన్నాను. అన్నిట్లోకీ అదే దర్జాగా ఉంది, నిజం కెమెరాలాగా బరువైన లెన్సుతో.

"చాలా మంచిది. కానీ రింగు చేత్తో తిప్పాలి. ఎవరు తిప్పుతారు? నువ్వా? మట్టి చేతులతోనా?"

"అయితే ఇది? డబ్బా మీద ఎంత పెద్ద అంకె ఉందో!"

"అంత పెద్ద ఫోటో ఆస్పత్రి ఇంటర్నెట్‌లో అక్కని చేరేసరికి క్రిస్మస్ వస్తుంది. పైగా దీని ఆటోఫోకస్ నా బోర్డుతో మాట్లాడాలంటే ఎవరో రాసిన ప్రోగ్రాం అతికించాలి. ఈ నెల పనిచేస్తుంది, వచ్చే నెల ఏదో అప్‌డేట్ వస్తే మానేస్తుంది. అలాంటిదాని మీద ప్రాణాలు పెట్టను."

మిగిలినవి రెండు. రెండూ బోర్డు తయారుచేసిన వాళ్ళవే, రెండూ తమంతట తామే ఫోకస్ చేసుకునేవి. ఒకటి మామూలు చూపుది, ఒకటి వెడల్పు చూపుది. వెడల్పుది ఇంకా దగ్గరగా చూడగలదు, బుట్ట మొత్తం పట్టేస్తుంది. నేనైతే అదే తీసుకునేవాణ్ణి. జెనోన్ ఏ ఫోటో ఏ కెమెరాదో చెప్పకుండా, ఒట్టి నంబర్లు వేసి అక్కకి పంపాడు. ఆవిడ సాయంత్రం చెప్పారు: "మూడోది. నాలుగో దాంట్లో అంచున ఉన్న ఉల్లికాడ సాగిపోయి లావుగా కనిపిస్తోంది. లావు తప్పైతే నేను రకాన్నే తప్పు చెబుతాను." మూడోది మామూలు చూపుది. దానికి కనీసం పది సెంటీమీటర్ల దూరం కావాలి. అందుకని పెట్టెని ఒక బెత్తెడు ఎత్తు పెంచాడు.

ఇక అయిపోయిందనుకున్నాను. అవలేదు. మొదట దాని రిబ్బన్ తీగ బోర్డుకి పట్టలేదు. అతని బోర్డు కొత్త రకం, సాకెట్టు సన్నం. ఇంకో తీగ కోసం రెండు రోజులు ఆగాం. అది వచ్చాక పెడితే కెమెరా తెలివిగా బుట్ట చేతిపిడి మీద ఫోకస్ చేసుకుంది. చేతిపిడి అల్లిక మహా అందంగా వచ్చింది, ఉల్లికాడలు మళ్ళీ పొగ.

నేను నవ్వాను. జెనోన్ నవ్వలేదు. రెండు చేతులతో తల పట్టుకుని కూర్చుని, ఉన్నట్టుండి లేచాడు.

"దాని ఇష్టానికి ఎందుకు వదలాలి? లెన్సు కదులుతుంది కదా. నేనే కదుపుతాను."

ఒక్క మీటకి ఏడు ఫోటోలు తీసేలా రాశాడు. లెన్సు చూపుని నేల దగ్గర మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా పైకి జరుపుతూ, బుట్ట అంచు దాకా. ఏది ఎంత ఎత్తులో ఉన్నా ఏడింటిలో ఒకదాంట్లోనైనా స్పష్టంగా ఉండాల్సిందే. తీసిన ఫోటోలు కనిపించేలా పెట్టె పైన చిన్న తెర బిగించాడు. ఇంకొకటి కూడా చేశాడు. పెట్టె తలుపుకి చిన్న గడియ పెట్టాడు. తెక్లా గారు జవాబు పంపేదాకా అది తెరుచుకోదు. బుట్ట లోపలే ఉంటుంది.

"క్యాబేజీ జనం తిడతారు," అన్నాను.

"తిట్టనీ."

శనివారం పెట్టె తెరిచాం. జెనోన్ వారం రోజులుగా సరిగా తినలేదు, కాలర్‌లో మెడ సన్నబడిపోయింది. పదకొండింటికి ఒక పెద్దాయన వచ్చాడు. రైల్వేలో చేసి రిటైరయిన మనిషి, గొంతు పెద్దది. బుట్టలో సగం గోధుమరంగువి, వాటి మధ్య నాలుగు ఆకుపచ్చవి. ఈసారి ఒక్కొక్కటీ పడుకోబెట్టాను. తర్వాత, జెనోన్ చెప్పకుండానే, బుట్ట మొత్తం కూడా పెట్టాను. చూద్దామని. గడియ పడింది.

"నా బుట్ట నాకివ్వరేంటయ్యా! ఇదేమన్నా కస్టమ్సా?" అని ఆయన గోల. వెనకాల వరసలో నవ్వులు.

నాలుగు నిమిషాల్లో ఫోన్ మోగింది. తెక్లా గారు జెనోన్‌తో మాట్లాడలేదు. పెద్దాయనకే ఇమ్మన్నారు. నేను స్పీకర్ పెట్టాను.

"ఆకుపచ్చ నాలుగింటిలో మూడు మంచి రకంలాగే ఉన్నాయి, కానీ అవీ వద్దు. నాలుగోది చూడండి. మీ ముందున్న తెర మీద అయిదో ఫోటో. కాడ పైన పొర కనిపిస్తోందా? రెండో ఫోటోలో అడుగున సంచి కనిపిస్తోందా, గుడ్డు పెంకులాగా?"

పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని తెర మీదకి వంగాడు. పొర అంచున ఉన్న సన్నటి ముడతలు కూడా కనిపిస్తున్నాయి. సంచికి అంటుకున్న పైన్ ఆకు కూడా.

"కనిపిస్తోందమ్మా," అన్నాడు, గొంతు తగ్గించి.

"దానికి తగిలినవన్నీ పారేయండి. బుట్ట కడగండి. చేతులు కడుక్కోండి. ఇంట్లో ఎవరున్నారు?"

"మా ఆవిడ. మా చెల్లెలు వచ్చింది ఊరి నుంచి." ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. జెనోన్ భుజం మీద చెయ్యి వేసి, గడియ తెరుచుకోగానే బుట్టంతా బక్కెట్లో బోర్లించాడు.

ఆ తర్వాత అక్క తమ్ముడితో మాట్లాడింది. నాకు వినిపించింది ఇటువైపు మాటలే.

"ఆఁ... ఆఁ... నిజంగానా? ముడతలు కూడానా?... నువ్వు ఊరికే నన్ను సంతోషపెట్టడానికి అనడం లేదు కదా?... సరే. సరే అక్కా."

ఫోన్ పెట్టేసి, నా బంగాళాదుంపల పెట్టె ఒకటి బోర్లించుకుని కూర్చున్నాడు. సంత చివరి వైపు చూస్తూ అడిగాడు:

"వాలెంతీ, ఆ మూల సాసేజులు ఇంకా కాలుస్తున్నారా?"

వెళ్ళి రెండు తెచ్చాను, ఆవాల ముద్దతో, రొట్టెతో. అతను రెండూ తినేశాడు. ఇంకోటి తెమ్మన్నాడు. తింటూ తింటూ, పిల్లి బరువు చూసే యంత్రంలో ఏం తప్పు జరిగి ఉంటుందో నాకు వివరించడం మొదలుపెట్టాడు. నేను క్యాబేజీలు తూస్తూ అన్నిటికీ ఊఁ కొట్టాను. నవంబర్లో మొదటి మంచు పడేదాకా ఆ పెట్టె పనిచేసింది. ఆ ఏడాది మా ఊరి నుంచి పుట్టగొడుగులు తిని ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు.